ఇల్లుండంగ బండ్ల పండుడేంది?

క్యారవాన్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది సినిమా షూటింగే. హీరోగారు మేకప్ వేసుకునే ఏసీ బండి, దాని తలుపు దగ్గర కథ వినిపించడానికి ఫైలు పట్టుకుని నిలబడిన కొత్త దర్శకుడు... ఇన్నాళ్లూ మనకు తెలిసిన బొమ్మ అది. ఇప్పుడా బండి కాస్త చిన్నదై కుటుంబాల దగ్గరికొస్తోంది. వ్యాను వెనక భాగంలో ఓ పడక, ఓ పొయ్యి, నీళ్ల ట్యాంకు, చిన్న ఫ్రిజ్జు అమర్చితే అదే క్యాంపర్‌వ్యాన్. హోటల్ గది వెతుక్కోనక్కర్లేదు. రైలు టైము చూసుకోనక్కర్లేదు. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే పడక!

ఈ ముచ్చట జర్మనీ నుంచి పాకింది. 1951లో వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో ఇమిడేలా ఓ 'క్యాంపింగ్ బాక్స్' తయారుచేసింది. పగలు సామాను పెట్టె, రాత్రి పడక. తర్వాత అది ఐరోపా, అమెరికా, న్యూజిలాండ్‌లలో సెలవుల బండి అయిపోయింది. మన దేశంలో కేరళ 2021లో క్యారవాన్ పర్యాటకానికి ప్రత్యేకంగా ఓ విధానమే తెచ్చింది. పెద్ద నగరాల్లో రోజుల లెక్కన అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. సొంత వ్యానును వీధి చివరి వడ్రంగితో మార్పించుకుందామంటే మాత్రం కుదరదు. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అని ఓ ప్రమాణం ఉంది. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అద్దెకు తీసుకునేవాళ్లు ఆర్సీలో అది ఏ తరగతి వాహనమో ఓసారి చూసుకోవడం మంచిది.

బండి సరే, వెళ్లేదెక్కడికి? అరకు, గండికోట, గోవా... అందరూ చెప్పే పేర్లే. అక్కడ మీరు ఎక్కడ పడుకున్నారో, ఏం తిన్నారో అడిగేవాళ్లుండరు. అదే చిన్ననాటి దోస్తు ఉన్న పల్లెకు వెళ్తే? అదీ నిజామాబాద్ దాటి, బోధన్ చెరకు సీమలోకి?

ఓ కుటుంబాన్ని ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే యాభైకి దగ్గరపడ్డ పెద్దమనిషి, భార్య, ఇద్దరు పిల్లలు. ఆయన బాల్యమంతా బోధన్ పక్కనే ఉన్న శక్కర్‌నగర్‌లో గడిచింది. తండ్రిది చక్కెర ఫ్యాక్టరీలో కొలువు. బడిలో పక్కన కూర్చున్న దోస్తు ఇప్పుడు వర్ని రోడ్డు మీది ఓ పల్లెలో వ్యవసాయం చేస్తున్నాడు. దసరాకోసారి, సంక్రాంతికోసారి ఫోను. "ఎప్పుడొస్తవ్‌రా?" అని ఇతను, "వస్తంలే, నలుగురం దిగితే మీకు ఇబ్బంది" అని అతను. ఏళ్ల తరబడి ఇదే మాట. ఇన్నాళ్లకు క్యాంపర్‌వ్యాన్ దొరికింది. ఇంకేం, సంబరంగా ఫోను చేస్తాడు. "మీకు ఏ ఇబ్బందీ ఉండదురా. మా పడక మాతోనే, మా పొయ్యి మాతోనే. నీ ఇంటి ముంగట బండి ఆపుకొనేంత జాగా ఉంటే చాలు!"

అవతల కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత ఫోను దోస్తు తల్లి చేతిలోకి పోతుంది.

"ఇల్లుండంగ బండ్ల పండుడేంది కొడుకా? మేం గంత కానోళ్లమైతిమా?"

సౌకర్యమనుకుని చెప్పిన మాట ఆవిడ చెవికి చేరేసరికి నింద అయింది. అమెరికాలో అయితే ఇలా జరగదు. అక్కడ పెద్ద బండ్లలో తిరిగేవాళ్లు స్నేహితుడి ఇంటి ముందు ఆపుకొని, కరెంటూ నీళ్లూ తీసుకుని, రాత్రి తమ బండిలోనే పడుకుంటారు. దానికి వాళ్లు సరదాగా 'మూచ్‌డాకింగ్' అని పేరు పెట్టుకున్నారు. మూచ్ అంటే తేరగా తినడం. పక్కింటివాళ్లకు అభ్యంతరం లేకుండా చూసుకోవడం, రెండు మూడు రోజులకు మించకుండా కదిలిపోవడం అక్కడి మర్యాద. ఇంటివాళ్ల పడకగది జోలికి వెళ్లకపోవడమే పెద్ద మేలు. మన పల్లెలో అదే పని చేస్తే తలుపు దాకా వచ్చి లోపలికి రాకుండా పోయినట్టు. గడపలో కాళ్లకు నీళ్లు, వాకిట్లో మంచం, కంచంలో అన్నం... వచ్చినవాళ్లకు పల్లె ఇల్లు ముందుగా ఇచ్చేవి ఈ మూడే. మూడూ మీ బండిలోనే ఉంటే ఇక ఆ ఇంటికి మిగిలేదేమిటి? బండి ఆపుకొనే జాగా!

అలాగని ఇల్లు వెంటపెట్టుకుని తిరగడం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో కాశీకి బయల్దేరారు. డేరాలు, పల్లకీలు, వంట సరంజామా అన్నీ వెంటే. హైదరాబాద్ నుంచి నిర్మల్ మీదుగా నాగ్‌పూర్ వెళ్లిన ఆ దారి పూర్వపు ఇందూరు సీమలోంచే పోయింది. ఎక్కడ ఆగితే అక్కడ డేరా. అలా తిరిగి తిరిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడుగునా చూసిందంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి రాసి పంపారు. ఆయనే 1838లో దాన్ని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు. ఇంటిని వెంట తీసుకెళ్లినాయన కూడా మిత్రుణ్ని వదిలిపెట్టలేదన్నమాట.

అంత దూరం ఎందుకు... జాతరలకు కచ్చురం బండి కట్టుకుని, బియ్యం, గిన్నెలు, గొర్రెపిల్లతో సహా బయల్దేరిన కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. వర్ని దగ్గరి బడాపహాడ్ దర్గాకు ఇవాళ్టికీ ట్రాక్టర్లలో, డీసీఎం వ్యాన్లలో జనం వస్తారు. మూడు రాళ్లు పెట్టి గుట్ట కింద కందూరు చేసుకుంటారు. హిందువులూ ముస్లింలూ అన్న తేడా ఉండదు. పక్కవాళ్ల పొయ్యి మీద కూర ఉడికితే ఓ గిన్నె ఇటొస్తుంది. బండిలో పడుకోవడం అక్కడ ఎవరికీ తప్పుగా తోచదు. ఎందుకంటే అక్కడ అందరూ యాత్రికులే, ఇంటివాళ్లంటూ ఎవరూ లేరు.

క్యాంపు అన్న మాట కూడా ఇక్కడివాళ్లకు బాగా తెలిసిందే. అర్థమే వేరు. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరు. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్లిచ్చేలా కట్టిన ప్రాజెక్టు అది. కాలువ నీళ్లొచ్చాక సాగు తెలిసిన రైతులు కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చి వర్ని, కోటగిరి, బోధన్ చుట్టుపక్కల గుడిసెలు వేసుకున్నారు. వాటికి క్యాంపులని పేరు. అవే ఊళ్లయ్యాయి. ఇప్పుడు వాటిల్లో మూడో తరం, నాలుగో తరం ఉంటోంది. పేరు చివర క్యాంపు మాత్రం పోలేదు. కాబట్టి ఈ వైపు ఎవరితోనైనా 'క్యాంపింగ్‌కి వచ్చాం' అంటే, ఎన్నెకరాలు కొన్నారని అడిగినా ఆశ్చర్యపోవద్దు!

అసలు బోధన్ సీమకు సొంతదైన క్యాంపర్‌వ్యాన్ అంటూ ఉంటే, అది చెరకు బండి. నిజాంసాగర్ నీళ్లు చెరకును తెస్తే, చెరకు 1937లో శక్కర్‌నగర్‌కు నిజాం షుగర్ ఫ్యాక్టరీని తెచ్చింది. ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ ఫ్యాక్టరీ. క్రషింగ్ మొదలైతే గేటు బయట బండ్ల బారులు. తూకానికి వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. ఎడ్లను విప్పి, మేత వేసి, బండి కిందే గొంగడి పరుచుకుని రైతు పడుకునేవాడు. సద్దిమూట అయిపోతే పక్క బండి రైతు తన రొట్టెలో సగం తుంచి ఇచ్చేవాడు. రుద్రూరు ఆయనకూ రెంజల్ ఆయనకూ దోస్తానా అలా కలిసేది. పొద్దున లేచి ఎవరి దారిన వాళ్లు పోయినా, మళ్లీ సీజనుకు అదే గేటు దగ్గర 'మంచిగున్నవా?' అని పలకరింపు. కోతల కోసం మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే కూలీ కుటుంబాలు పిల్లాపాపలతో చేల పక్కనే బస చేసేవి. చలికాలమంతా ఆ దారుల్లో బెల్లపు పాకం లాంటి వాసన.

ఇప్పుడు ఆ వాసన లేదు. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి తాళం వేశారు. బోధన్‌తోపాటు మెట్‌పల్లి, మెదక్ వైపు యూనిట్లూ మూతపడ్డాయి. జీతాల బకాయిల కోసం కార్మికులు ఏళ్లపాటు పోరాడాల్సి వచ్చింది. మళ్లీ తెరిపిస్తామన్న హామీ చాలామంది ఇచ్చారు. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం అందుకోసం ఓ కమిటీ వేసింది. చెరకు వేసే రైతు గడలను దూరపు ఫ్యాక్టరీకి పంపుకోవాలి. అది గిట్టక చాలామంది వరికి మళ్లారు. ఒకప్పటి చక్కెర ఊళ్లో కిరాణా కొట్టుకు వెళ్లి కిలో చక్కెర అడిగితే, వచ్చేది వేరే ఊరి చక్కెరే.

ఇదంతా క్యాంపర్‌వ్యాన్ ముచ్చటలో ఎందుకంటే... శక్కర్‌నగర్ క్వార్టర్లలో కలిసి గోలీలాడిన పిల్లలు ఎక్కడెక్కడికో చెదిరిపోయారు. కొందరు హైదరాబాద్, కొందరు గల్ఫ్, కొందరు అమెరికా. ఊరిని అంటిపెట్టుకుని ఉన్నవాడు ఒక్కడో ఇద్దరో. వెళ్లినవాళ్లకు ఆ ఫ్యాక్టరీ జ్ఞాపకం. ఉన్నవాడికి అది రోజూ కనిపించే గోడ. హైదరాబాద్ నుంచి వచ్చినాయన పిల్లలకు 'మీ తాతయ్య ఇక్కడే పనిచేశాడు' అని చూపిస్తూ గేటు ముందు సెల్ఫీ దిగొచ్చు. తప్పేం లేదు. కానీ దోస్తును పక్కన నిలబెట్టుకుని దిగేముందు ఓసారి అతని ముఖం చూడాలి. అతని చెరకు ఆ గేటు లోపలికి పోయేది. అతని అన్నకో బాబాయికో రావాల్సిన డబ్బు ఆ గోడల మధ్యే ఆగిపోయి ఉండొచ్చు.

సరే, అవ్వ కోపం సంగతి చూద్దాం. "నువ్వైతే రా, బండి సంగతి తర్వాత జూద్దాం" అని దోస్తు సర్దిచెబుతాడు. మనవాళ్లు బయల్దేరతారు. హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద డిచ్‌పల్లి దాకా హాయి. అక్కడ ఎడమకు తిరిగితే నిజామాబాద్, అది దాటితే జానకంపేట, ఎడపల్లి, బోధన్. నిజామాబాద్ నుంచి బోధన్‌కు పాతిక కిలోమీటర్ల పైచిలుకే. ఆర్మూర్ వైపు మళ్లి అంకాపూర్‌లో నాటుకోడి కూర కట్టించుకుని వెళ్దామన్న ఆలోచన వస్తుంది. అంకాపూర్ కోడికూరకు ఉన్న పేరు అలాంటిది మరి. అయినా వద్దు. మీ కోసం పెరట్లో పుంజును బుట్ట కింద మూసిపెట్టిన ఇంటికి కూర పార్సిల్ పట్టుకెళ్లడం కంటే ఉత్త చేతులతో వెళ్లడమే నయం. పండ్లు తీసుకెళ్లండి. అవ్వకు మోకాళ్లకు రాసుకునే తైలం తీసుకెళ్లండి.

పల్లె దారిలోకి వచ్చాక అసలు పరీక్ష. వరి కోతలప్పుడు వెళ్తే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. కుప్ప అంచున రాళ్లు, రాత్రయితే మీద నల్ల పట్టా. చీకట్లో ఆ రాయి కనిపించదు, ఎక్కితే టైరు పేలుతుంది. వెనక లైటు లేని చెరకు ట్రాలీలు, వడ్ల ట్రాక్టర్లు సరేసరి. పొద్దుండగానే ఊరు చేరాలి. ఊళ్లోకి వచ్చాక పైకి చూసుకుంటూ నడపాలి. క్యాంపర్‌వ్యాన్ మామూలు కారు ఎత్తుండదు. గల్లీకి అడ్డంగా వేలాడే సర్వీసు వైరో, కేబుల్ వైరో దాని నెత్తికి తగిలితే ఆ పూట ఊరంతా మీకు స్వాగతం పలికే తీరు వేరుగా ఉంటుంది!

బండికి కరెంటు కావాలంటే ఇంట్లోని పెద్ద ప్లగ్గు నుంచి తీసుకోవచ్చు, దోస్తును అడిగి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది కదా అని బోరు మోటారు స్టార్టరు డబ్బాలోంచి వైరు లాగొద్దు. అది త్రీఫేజు. పైగా సాగుకిచ్చిన కరెంటు సాగుకే. బండిలోని టాయిలెట్ డబ్బాను ఎక్కడ ఖాళీ చేయాలన్నది ఎవరూ ముందుగా ఆలోచించని సంగతి. చీకటి పడ్డాక కాలువలో... అన్న ఆలోచన కూడా రాకూడదు. పొద్దున ఆ కాలువ దగ్గరే బట్టలుతుకుతారు, బర్రెలను కడుగుతారు, పిల్లలు ఈదుతారు. దోస్తు ఇంటి మరుగుదొడ్డి వాడుకుంటే ఆ గొడవే ఉండదు. తలుపులన్నీ మూసి లోపల పొయ్యి వెలిగించడం, ఏసీ కోసం ఇంజిను ఆన్‌లో ఉంచి నిద్రపోవడం ప్రాణాంతకం. వాసన తెలియని విషవాయువు నిద్రలోనే మింగేస్తుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. మనకు ఆదివారం ఉంది. రైతుకు లేదు. నాట్ల రోజుల్లో ఇరవైమంది కూలీలను పొద్దున్నే పొలానికి చేర్చాల్సిన ఇంట్లో, లేదా కోత మిషను కోసం రెండు రోజులుగా ఎదురుచూస్తున్న ఇంట్లో నలుగురు చుట్టాలు దిగి 'పల్లె గాలి ఎంత బావుందో' అంటే వినడానికి వాళ్లకు తీరికుండదు. ఎండాకాలం అసలే వద్దు. నిజామాబాద్ ఎండకు రేకు బండి పెనమైపోతుంది. వానాకాలం పంట ఇల్లు చేరి, యాసంగి నాట్లు పడకముందు కొద్ది రోజుల సందు ఉంటుంది. అది ఏ వారమో దోస్తును అడిగితే చెబుతాడు. పంచాంగం కంటే, బడి సెలవుల పట్టిక కంటే అతని మాటే లెక్క.

ఇక పడక. అవ్వ మాట నెగ్గుతుంది, నెగ్గాలి కూడా. కానీ బండిలోని మంచం ఖాళీగా ఉండదు. బండి ఆగిన పావుగంటకే వాడకట్టు పిల్లలంతా చేరతారు. నల్లా తిప్పితే నీళ్లొచ్చే బండి! తలుపు తీస్తే ఫ్రిజ్జు! "మేం బండ్లనే పంటం" అని దోస్తు పిల్లలు, వచ్చిన పిల్లలు కలిసి ఆక్రమించేస్తారు. హైదరాబాద్ పెద్దమనిషి వాకిట్లో నవారు మంచం మీద పడతాడు, పక్క మంచం మీద దోస్తు. ఒకరి ముఖం ఒకరికి కనిపించదు కాబట్టి మాటలు బాగా సాగుతాయి. వడ్లకు ఎంతొచ్చింది, చెరకు ఎందుకు మానేశాడు, దుబాయ్ వెళ్లిన తమ్ముడు ఫోను చేస్తున్నాడా లేదా... 'ఏ ఇబ్బందీ ఉండదు' అనుకుంటూ బండి తలుపేసుకుని పడుకుని ఉంటే ఈ మాటల్లో ఒక్కటీ బయటికొచ్చేది కాదు.

అయితే ఇక్కడ ఇంకో మనిషి ఉంది. ఇంతసేపూ ఆవిడ మాట రాలేదు. రమ్మన్నది దోస్తు. బండ్ల పండుడేందని కోప్పడింది అవ్వ. వండేది మాత్రం దోస్తు భార్య! తెల్లారుజామున లేచి బర్రె పాలు పిండి, వాకిలి ఊడ్చి, పొలానికి సద్ది కట్టి, తనూ పొలానికి వెళ్లే మనిషి. ఆవిడకు నలుగురు చుట్టాలంటే రెండు పూటలా ఎనిమిది, తొమ్మిది మందికి వంట. ఆతిథ్యం గురించి గొప్పగా చెప్పుకునే మనం ఆ పొయ్యి దగ్గర ఎవరు కూర్చుంటారో చెప్పుకోం. క్యాంపర్‌వ్యాన్‌లోని పొయ్యికి అసలైన పని ఇక్కడుంది. మొదటి రోజు భోజనం వాళ్లదే, అందులో వాదన వద్దు. మర్నాడు పొద్దున మాత్రం బండి పొయ్యి మీద చాయ్ పెట్టి, 'వదినె, జర కూసోండి' అని ఆవిడ చేతికి గ్లాసు ఇవ్వొచ్చు. పగలు అందరికీ ఉప్మానో, పులిహోరో బండిలోనే కలపొచ్చు. అవ్వ ముఖం చిట్లిస్తుంది. చిట్లించనీండి. వేరే పొయ్యి పెట్టుకుని తమకు మాత్రమే వండుకుంటే అది వేరు కుంపటి. అదే పొయ్యి మీద అందరికీ వండితే అవ్వ కూడా ఎక్కువసేపు కోపంగా ఉండలేదు. ఆ వండేది మగవాళ్లైతే ఊళ్లో ఇంకో నెల రోజులు అదే ముచ్చట.

పడకకూ అలాంటి పనే ఒకటుంది. అవ్వకు మోకాళ్ల నొప్పులు. బస్సు మెట్టు ఎక్కలేదు. ఆటోలో కూర్చుంటే కాళ్లు ముడుచుకోవాలి, పది నిమిషాలకే అల్లాడిపోతుంది. కందకుర్తి దగ్గర గోదావరిలో మంజీర, హరిద్ర కలుస్తాయి. ఇక్కడి పెద్దవాళ్లు గోదావరిని గంగ అనే అంటారు. ఇంటి నుంచి గంట ప్రయాణమే అయినా, ఆ గంగను చూడక ఆవిడకు ఏళ్లయి ఉంటుంది. తీసుకెళ్లేవాళ్లు లేక కాదు, కూర్చోలేక. కాళ్లు బారచాపుకుని పడుకుని వెళ్లే బండి వాకిట్లోకి వచ్చిందిప్పుడు. కింద స్టూలు వేసి, ఇద్దరు చెరో రెక్క పట్టుకుని ఎక్కిస్తే చాలు.

బండ్ల పండుడేందన్న అవ్వే బండ్ల పండుకుని బయల్దేరుతుంది! తలగడ ఎత్తు పెట్టించుకుని కిటికీలోంచి చూస్తుంది. రుద్రూరు దాటాక ఫలానావాళ్ల పొలం ఏదో చెబుతుంది. ఎవరి బావి పూడింది, ఎవరి ఇల్లు డాబా అయింది అన్నీ ఆవిడకే తెలుసు. బోధన్ వచ్చాక ఫ్యాక్టరీ గోడ పొడుగునా ఏమీ మాట్లాడదు. రెంజల్ మీదుగా కందకుర్తి. నదిలో రాతితో కట్టిన పాత శివాలయం, వరదొస్తే మునిగిపోయి నీరు తగ్గాక మళ్లీ బయటపడే గుడి. పిల్లలు దానివైపు పరుగెడతారు. ఆవిడను నీళ్ల దాకా దింపడం కష్టమైతే చెంబుతో నీళ్లు తెచ్చి బండి మెట్టు మీద కూర్చోబెట్టి కాళ్ల మీద పోయొచ్చు. ఫ్రిజ్జూ నల్లా ఉన్న బండికి అంతకంటే మంచి వాడకం ఏ కంపెనీ పుస్తకంలోనూ రాసి ఉండదు.

దోస్తూ అతని భార్యా కూడా ఆ పూట వెంట రావాలంటే సాయంత్రం పాలు పిండే వేళకు ఇల్లు చేరాలి. అందుకే బాసర కూడా చూసొద్దామన్న ఉబలాటం మానుకోవాలి. సరస్వతి అమ్మవారు ఎక్కడికీ పోరు. బర్రె మాత్రం ఆగదు.

తిరుగు ప్రయాణం రోజున పిల్లలకో ప్లాను ఉంటుంది. రెండు రాత్రులు నలుగురైదుగురు ఇరుక్కుని పడుకున్నారు కాబట్టి, దారిలో అలీసాగర్ దగ్గర ఓ పూట ఆగి, చెరువు గాలిలో ఎవరి పడక వాళ్లదిగా కాసేపు నిద్రపోయి మరీ వెళ్లాలని. దోస్తు బండి వెనక తలుపు తెరిచి పెట్టమంటాడు. ముందుగా పాతిక కిలోల కొత్త బియ్యం బస్తా. దాని పక్కన కందిపప్పు మూట, ఎండుమిరపకాయలు, పసుపు కొమ్ములు. వదినె చీరకొంగుతో తుడిచి ఇచ్చిన మామిడికాయ తొక్కు సీసా. చివరగా, పెరట్లో ఇంటి వాడకానికని పెంచిన నాలుగు చెరకు గడలు. అవి అడ్డంగా పట్టవు, డ్రైవరు సీటు వెనక నుంచి వెనక తలుపు దాకా నిలువుగా పెట్టాల్సిందే. ఇవన్నీ పెట్టడానికి బండిలో ఉన్న ఒకే ఒక్క జాగా మంచం. పిల్లలు చెరో చివర ముడుచుకుని కూర్చుంటారు. అలీసాగర్ మలుపు వస్తుంది, పోతుంది. డిచ్‌పల్లిలో హైవే ఎక్కి, నేరుగా హైదరాబాద్‌కే.